సంరక్షకుడు కావలెను: వయసు ఎనభై అయిదు దాటాలి

అరవై ఏడో ఏట, ఊరు దాటి ఒక్క రోజు వెళ్లిరావడానికి నాకు మా అమ్మ అనుమతి అవసరమైంది. మా అమ్మ పోయి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. ఈ రెండు వాక్యాలకు నడుమ ఎవరి దుర్మార్గమూ లేదు, ఎవరి నిర్లక్ష్యమూ లేదు. ప్రతి అడుగూ దాని ముందరి అడుగు నుంచి సక్రమంగానే పుట్టింది. అందుకే వరసగా చెబుతాను.

విశాఖపట్నంలో ముప్పై రెండేళ్లు ప్రాచీన చరిత్ర బోధించాను. ఏటా ఒక గంట, ఏడో శతాబ్దంలో చైనా నుంచి బయలుదేరి మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకం దాకా వచ్చిన బౌద్ధ యాత్రికుడి గురించి చెప్పేదాన్ని. ఆయన రాసింది చైనీసులో. నేను చదివింది ఇంగ్లీషులో. పిల్లలకు చెప్పింది తెలుగులో. రెండు చేతులు మారిన మాటను నేను స్వయంగా విన్నట్టు చెబుతున్నానన్న వెలితి రిటైరైన తరువాత కూడా పోలేదు. కనుక నది ఒడ్డున కోటిమందికి పైగా నివసించే ఒక చైనా మహానగరంలో, ఒక విశ్వవిద్యాలయం వారి చైనీసు భాషా శిక్షణలో చేరాను. వయోపరిమితి ఉందేమోనని దరఖాస్తు పత్రమంతా వెతికాను. లేదు. ఈ వయసులో ఎవరైనా చేరతారని వారికి తోచలేదు. తోచనిదాన్ని నిషేధించడం ఎవరికీ సాధ్యం కాదు.

హాస్టల్లో నా ఎదుటి గది లహరిది. జగిత్యాల పిల్ల, వైద్యవిద్య నాలుగో సంవత్సరం. చైనీసు ధారాళంగా మాట్లాడుతుంది. మొదటి రోజే నన్ను అమ్మమ్మా అని పిలిచి, నా బియ్యం కుక్కరును తన గదిలోకి మార్చుకుంది.

నవంబరు మొదట్లో, రైలులో రెండు గంటల దూరాన ఉన్న పక్క నగరంలో, ఒక గ్రంథాలయం తన పాత ప్రతులను పది రోజులపాటు ప్రదర్శనకు పెడుతున్నట్టు తెలిసింది. వాటిలో ఆ యాత్రికుడు మన ప్రాంతం గురించి రాసిన పుట కూడా ఉంది, పాత చెక్క అచ్చులో. ఆ పది రోజులూ దాటితే మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతుంది. ఎప్పుడు బయటికి తీస్తారో వారికే తెలియదు. నాకు ఆ పుట చూడాలి. చూడటం కాదు, చదవాలి.

సరిగ్గా దానికి మూడు వారాల ముందు, ఒక దేశం నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడొకడు ఎవరికీ చెప్పకుండా సముద్రం చూడటానికి వెళ్లాడు. అతని ఫోను చార్జింగ్ అయిపోయింది. రెండు రోజులు కార్యాలయమంతా అతన్ని వెతికింది. మూడో రోజు అతను ఎండకు కమిలిన ముక్కుతో తిరిగి వచ్చాడు. నాలుగో రోజు సర్క్యులర్ వచ్చింది: విదేశీ విద్యార్థులు నగరం దాటాలంటే తల్లి లేక తండ్రి సంతకంతో అనుమతి పత్రం సమర్పించాలి, అది లేకుండా దాటి వెళ్లినవారికి వీసా పొడిగింపు లేఖ ఇవ్వబడదు. నాకు డిసెంబరులో ఆ లేఖ కావాలి. అది లేకపోతే చదువు సగంలో ఆపి విశాఖ విమానం ఎక్కాలి.

సర్క్యులరు నాకు చదివి వినిపించింది లహరే.

“అమ్మమ్మా, నిన్ను మీ అమ్మ సంతకం తెమ్మంటుండ్రు. నేనే తప్పు సదివిన్నేమో అని మూడుసార్లు సూసిన. గట్లనే ఉన్నది.”

అంతర్జాతీయ విద్యార్థుల శ్రద్ధా సమన్వయ కార్యాలయం మూడో అంతస్తులో ఉంటుంది. దాని డైరెక్టరు ఫాంగ్ గారు నలభై ఏళ్ల స్త్రీ, మంచి మనిషి. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం. నాకు కుర్చీ చూపించి, వేడినీళ్లు స్వయంగా పోసి ఇచ్చి, నా సమస్య మొత్తం విన్నారు. సర్క్యులర్‌లో వయసు ప్రస్తావన లేదు కనుక అది అన్ని వయసులకూ వర్తిస్తుందని వివరించారు. నేను పద్దెనిమిదేళ్ల దాన్ని కాదని మనవి చేశాను.

“విద్యార్థి భ్రమరాంబ గారూ, మా విశ్వవిద్యాలయం శ్రద్ధ చూపడంలో వయోభేదం పాటించదు. పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఎంత శ్రద్ధ అందుతుందో మీకూ అంతే అందాలి. అందులో రవ్వంత తగ్గించే అధికారం కూడా నాకు లేదు.”

నా తల్లిదండ్రులు ఇద్దరూ లేరని చెప్పాను. ఫాంగ్ గారు లేచి నిలబడి తల వంచారు. పక్క బల్లల దగ్గరి ఇద్దరూ కూడా లేచారు. ఇరవై ఒక్క ఏళ్ల ఆలస్యంతో అందిన ఆ సంతాపాన్ని నేను మర్యాదగానే స్వీకరించాను. అటుపైన ఆవిడ కూర్చుని నా దస్త్రం తెరిచి, ఒక గడి మార్చారు. ఆ గడి మారడంతో నేను అనాథ విద్యార్థుల జాబితాలో చేరాను.

ఆ జాబితాలో అంతవరకూ ఎవరూ లేరు. దానికి కేటాయించిన సదుపాయాలు మూడేళ్లుగా అలాగే మిగిలి ఉన్నాయి. కనుక ఆ గురువారమే ఒక కార్యక్రమం జరిగింది. నా వెనుక ఎర్ర బ్యానరు కట్టారు. దాని మీద తల్లిదండ్రులు లేని విదేశీ విద్యార్థులకు వెచ్చని శీతాకాలం అని రాసి ఉంది. ఒక బొంత, ఒక వేడినీళ్ల సంచి, రెండు పెట్టెల పాలు నా చేతుల్లో పెట్టి ఫొటో తీశారు. పాలపెట్టె మీద ఒక పిల్లవాడు గోడకు ఆనుకుని ఎత్తు కొలుచుకుంటున్న బొమ్మ ఉంది. అవి ఎముకల ఎదుగుదలకు ప్రత్యేకమైనవని ఫాంగ్ గారు సభాముఖంగా చెప్పారు. ఫొటో సరిగా రాలేదని బొంత వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు.

అనాథ విద్యార్థికి సంరక్షకుడు సంతకం చేయవచ్చు. విజయనగరంలో ఉన్న మా తమ్ముడి పేరు ఇచ్చాను. కంప్యూటరులో ఆ గడి ఎర్రబడింది. సంరక్షకుడు విద్యార్థి కంటే కనీసం పద్దెనిమిదేళ్లు పెద్దవాడై ఉండాలి; పైగా ఈ నగరంలోనే నివసించాలి. మా తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్న. ఫోనులో ఈ సంగతి చెబితే వాడు చాలాసేపు నవ్వి, చివరికి, “అక్కా, చిన్నప్పుడు నాకు సంతకాలు నువ్వే పెట్టేదానివి కదా, నాన్న చేతిరాతతో,” అన్నాడు. వాడి ప్రోగ్రెస్ కార్డుల మీద మా నాన్న సంతకం ఇప్పటికీ నాకు వచ్చు. ఆ దారి నేను తొక్కలేదు. చరిత్ర చెప్పినదాన్ని, దొంగ పత్రాలు చివరికి ఏమవుతాయో తెలుసు.

ఇంకొక దారి తోచింది. విద్యార్థికి అనుమతి కావాలి కాని, అధ్యాపకులకు అక్కర్లేదు. ఆ విశ్వవిద్యాలయంలోనే విదేశీ నిపుణుల విభాగం ఉంది, నాలుగో అంతస్తులో. ఒక్క వారానికి ఉచితంగా చరిత్ర చెబుతానని వెళ్లి అడిగాను. అక్కడి అధికారి నా డాక్టరేటు చూసి సంతోషించాడు, పుట్టిన సంవత్సరం చూసి విచారించాడు. విదేశీ నిపుణులకు అరవై అయిదు దాటకూడదు. ఆ విధంగా మూడో అంతస్తులో నాకు వయసు చాలలేదు, నాలుగో అంతస్తులో మించిపోయింది. నడుమ ఇరవై మెట్లున్నాయి. రెండుసార్లు ఎక్కి దిగాను.

అరవై ఏడుకు పద్దెనిమిది కలిపితే ఎనభై అయిదు. ఆ వయసు దాటి, మతి నిలకడగా ఉండి, సంతకం పెట్టగలిగి, ముక్కూ మొహం తెలియని తెలుగు స్త్రీకి బాధ్యత వహించడానికి ఒప్పుకునే మనిషి కావాలి. ప్రదర్శన అప్పటికే మొదలైంది.

“ఆదివారం పార్కుల అడుగుదాం అమ్మమ్మా,” అంది లహరి.

విశ్వవిద్యాలయం పక్కన ఒక పార్కు ఉంది. పెళ్లికాని పిల్లల తల్లిదండ్రులు ఆదివారాలు అక్కడికి వచ్చి, పిల్లల వివరాలు కాగితం మీద రాసి, గొడుగులు తెరిచి నేల మీద పెట్టి, వాటికి ఆ కాగితాలు అంటించి కూర్చుంటారు. లహరి కూడా ఒక గొడుగు తెరిచి, అందమైన అక్షరాలతో రాసి అంటించింది: స్త్రీ, అరవై ఏడు, డాక్టరేటు, ఆరోగ్యవంతురాలు, సొంతంగా వండుకోగలదు. కావలసింది: ఎనభై అయిదు దాటినవారు, ఈ నగర నివాసి.

పది నిమిషాల్లో అక్కడ గుమిగూడినంత జనం మరే గొడుగు దగ్గరా లేరు. ఒకావిడ కాగితం రెండుసార్లు చదివి, నన్ను ఎగాదిగా చూసి, ఇంత చదువుకున్నదానివి కాస్త చిన్నవాణ్ని చూసుకోకపోయావా, డెబ్బై ఏళ్లకే చాలామంది ఉన్నారు కదా అంది. ఇంకొకావిడ తన మామగారి పేరు చెప్పి, వినపడదు కాని ఇల్లుంది అంది. లహరి విషయం వివరించేకొద్దీ జనం తగ్గలేదు సరికదా, పెరిగారు. పెళ్లి సంబంధాలు ప్రతి ఆదివారం చూసేవే.

వారిలోంచి ఒక సన్నటి వృద్ధుడు ముందుకు వచ్చాడు. నీలం కోటు, జేబులో రెండు కలాలు. పేరు షెన్. వయసు ఎనభై ఆరు. ప్రాథమిక పాఠశాలలో నలభై రెండేళ్లు ఒకటి నుంచి మూడో తరగతి దాకా అక్షరాలు నేర్పిన మాస్టారు. నా ఆరోగ్యం గురించి అడగలేదు, నా దేశం గురించి అడగలేదు.

“చదువులో ఎలా ఉంటుంది?” అని లహరిని అడిగాడు.

డిక్టేషన్‌లో కొంచెం వెనకబడిందని లహరి నిజం చెప్పింది.

“అయితే నేను ఒప్పుకుంటున్నాను,” అన్నాడు.

సోమవారం ఉదయం ఇద్దరం మూడో అంతస్తుకు వెళ్లాం. కంప్యూటరులో గడి ఎర్రబడలేదు. కాని ఎనభై దాటినవారు కొత్త బాధ్యత స్వీకరించాలంటే వారి కుటుంబం అంగీకరించాలన్నది పెద్దల శ్రద్ధకు సంబంధించిన నిబంధన. మాస్టారి కూతురికి అరవై ఒకటి. నాకంటే ఆరేళ్లు చిన్నదైన ఆవిడ తన తండ్రికి అనుమతి ఇస్తే, ఆయన నాకు అనుమతి ఇచ్చే అర్హత పొందుతాడు. ఫాంగ్ గారు ఆవిడకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, నిబంధన మొత్తం చదివి వినిపించారు.

“తీసుకోమనండి,” అంది ఆ కూతురు. “ఈమధ్య ఇంట్లో అందరి రాతా దిద్దుతున్నారు. నిన్న నా కూరగాయల చీటీ మీద మళ్లీ రాయి అని రాశారు. ఎవరో ఒక పిల్ల దొరికితే మాకు ప్రాణం కుదుటపడుతుంది.”

ఫాంగ్ గారు మా ఇద్దరికీ మెడలో వేసుకునే ఎర్ర తాడు కార్డులు ఇచ్చారు. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో సాయంత్రం పిల్లల్ని తీసుకువెళ్లడానికి వచ్చే తాతలకూ నాయనమ్మలకూ ఇటువంటి కార్డులే ఉంటాయి. కార్డు చూపితేనే పిల్లను అప్పగిస్తారు. ప్రాథమిక విద్యలోని ఉత్తమ అనుభవాన్ని ఉన్నత విద్యలో ప్రవేశపెట్టడం తమ కార్యాలయం సాధించిన విజయమని ఫాంగ్ గారు అన్నారు. కార్డు మీద నా ఫొటో, ఆయన ఫొటో. తీసుకువెళ్లే వ్యక్తి: షెన్. విద్యార్థి: భ్రమరాంబ. సంబంధం: పెద్దలు.

శుక్రవారం సాయంత్రం ప్రదర్శన ముగుస్తుంది. అనుమతి పత్రం ఆయన ముందు పెట్టాను. కలం తీశాడు. సంతకం పెట్టకుండా, ఎందుకు వెళ్లాలని అడిగాడు. చదవడానికి అన్నాను. ఆ పుట ఫొటో ఒకటి గ్రంథాలయం వారి ప్రకటనలో ఉంది. ఫోనులో తెరిచి చూపించాను. కళ్లజోడు సవరించుకుని ఆయన పుటంతా ఒకసారి చూశాడు.

“చదువు.”

చదవలేకపోయాను. తరగతిలో మాకు నేర్పేది ఈనాటి సులువైన అక్షరాలు. ఆ పుటలో ఉన్నవి పాతవి, గీతలు ఎక్కువ. తెలిసిన ముఖాలే కాని గడ్డాలు పెంచుకుని ఉన్నాయి. మొదటి వరసలోని ఇరవై అక్షరాల్లో మూడు గుర్తుపట్టాను. మాస్టారు కలం జేబులో పెట్టుకున్నాడు.

“చదవడం రాని పిల్లను చదవడానికి పంపితే అబద్ధానికి సంతకం పెట్టినట్టు. రేపు ఆరున్నరకు పార్కుకు రా.”

నకిలీ సంరక్షకుణ్ని సృష్టించడానికి కార్యాలయం ఇంత శ్రమపడితే, నిజమైనవాడు తయారయ్యాడు. ఇది ఎవరూ ఊహించని పర్యవసానం. నేను కూడా ఊహించలేదు.

మంగళవారం, బుధవారం ఉదయమూ సాయంత్రమూ పార్కు బెంచీ మీద గళ్ల పుస్తకంలో రాశాను. ముప్పై రెండేళ్లు ఇతరుల జవాబుపత్రాలు దిద్దిన చెయ్యి అది. ఆయన ఎర్ర సిరాతో నా గీతలు కొట్టేసి, గీత ఎక్కడ మొదలుపెట్టాలో చూపించి, మళ్లీ అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు. వ్యాయామానికి వచ్చిన వృద్ధులు మా వెనక నిలబడి చూసేవారు. వారిలో ఒకరు, మీ మనవరాలు ఎడమచేతి వాటమా అని అడిగారు. కాదు, బద్ధకం అన్నాడు మాస్టారు.

బుధవారం సాయంత్రానికి ఇరవైలో పద్నాలుగు వచ్చాయి. పత్రం మీద సంతకం పెట్టాడు. గురువారం కార్యాలయం తెరిచేసరికి నేను తలుపు దగ్గర ఉన్నాను. ఫాంగ్ గారు ప్రతి గడీ పరిశీలించి, అన్నీ సక్రమంగా ఉన్నాయని అభినందించి, అనుమతి పత్రం ప్రయాణానికి మూడు పనిదినాల ముందు అందాలని గుర్తుచేశారు. గురువారం ఇచ్చిన పత్రంతో మంగళవారం వెళ్లవచ్చు. మంగళవారానికి ఆ పుట పెట్టెలో ఉంటుంది. ఈ మాట కూడా చెప్పాను.

“మీ బాధ నాకు అర్థమవుతోంది,” అన్నారు ఆవిడ, నిజంగానే. “కాని మూడు రోజులన్నది జాప్యం కోసం పెట్టింది కాదు. మీ భద్రతను మూడు దశల్లో పరిశీలించడానికి పెట్టింది. ఒక దశ తీసేయమంటే ఏ దశ తీసేయను?”

గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. లహరి అన్నం వడ్డించుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నాకు ఫ్రైడే పోస్టింగ్ లేదు అమ్మమ్మా. చెప్పకుంట పోదామా? గేటు దూకుదాం. నేను కింద వట్టుకుంట.”

వీసా లేఖ సంగతీ, నా మోకాళ్ల సంగతీ దానికి తెలుసు. ఊరికే అంది. అన్నం తిన్నాక మాస్టారికి ఫోను చేసి, జరిగింది చెప్పి, రేపు పార్కుకు రానని చెప్పాను. ఆయన గేటు దగ్గర తొమ్మిదికి ఉండమని ఫోను పెట్టేశాడు.

శుక్రవారం తొమ్మిదికి ఆయన గేటు బయట నిలబడి ఉన్నాడు. మెడలో ఎర్ర తాడు కార్డు, ఒక చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు, ఇంకొక చేతిలో ఆవిరి మీద ఉడికించిన రొట్టె. కాపలా మనిషికి కార్డు చూపించి, పిల్లను తీసుకువెళ్లడానికి వచ్చానన్నాడు. కాపలా మనిషి కార్డు మీద ఫొటో చూశాడు, నన్ను చూశాడు, నా వెనక పిల్ల ఎవరైనా ఉందేమోనని చూశాడు. ఎవరూ లేకపోవడంతో కార్యాలయానికి ఫోను చేశాడు.

ఫాంగ్ గారు సర్క్యులరు పట్టుకుని దిగివచ్చారు. అక్కడే నిలబడి ఏడో అంశం పైకి చదివారు. సంరక్షకుడు స్వయంగా వచ్చి విద్యార్థిని తీసుకువెళ్లే సందర్భంలో ముందస్తు దరఖాస్తు అవసరం లేదు. అప్పటినుంచి విద్యార్థి సంరక్షకుడి అధీనంలో ఉన్నట్టు భావించబడుతుంది. మళ్లీ చదివారు. ఆవిడ ముఖం వికసించింది. అది ఆవిడే రాసిన అంశమట. ఇంతవరకూ ఎవరూ దాన్ని ఉపయోగించుకోలేదు.

“ఇదే శ్రద్ధకు పరాకాష్ఠ,” అన్నారు. “ఇల్లూ విశ్వవిద్యాలయమూ చేతులు కలిపితే ఇలా ఉంటుంది. ఒక్క ఫొటో.”

బ్యానరు రెండో అంతస్తు బీరువాలో ఉంది. తాళంచెవి వేరొకరి దగ్గర ఉంది. మొత్తానికి బ్యానరు వచ్చేసరికి మేము ఎక్కవలసిన రైలు వెళ్లిపోయింది. బ్యానరు ముందు నిలబడ్డాం. నా భుజం మీది సంచి తీసి మాస్టారు తన భుజానికి వేసుకున్నాడు. నేను వద్దన్నాను.

“బడిసంచి పెద్దవాళ్లే మోయాలి,” అన్నాడు. “గేటు ముందు చూడు, ఎవరి తాత ఊరికే నిలబడ్డాడు?”

తరువాతి రైలులో సీట్లు లేవు. ఆ తరువాతి దానిలో దొరికాయి. గ్రంథాలయం మెట్లు ఎక్కేసరికి మూసివేతకు నలభై నిమిషాలుంది. దీపాలు మందంగా వెలుగుతున్న పొడుగాటి గదిలో, అద్దాల బల్ల కింద, ఆ పుట ఉంది. పసుపు పచ్చని కాగితం. అంచున పురుగు తొలిచిన మూడు రంధ్రాలు. వంగి చూశాను. మన ధాన్యకటకం పేరును ఆ యాత్రికుడు ఐదు అక్షరాల్లో పట్టుకున్నాడు. ఒక్కొక్కటే గొంతులో పలుకుతూ వెళితే, ఎక్కడినుంచో నడిచి వచ్చినవాడు కృష్ణ ఒడ్డున ఎవరినో ఆపి ఊరి పేరు అడిగినట్టూ, వారు చెప్పింది తన నోటికి అందినంతవరకు తిప్పి చెప్పుకున్నట్టూ వినబడింది. ముందుకు వెళ్లాను. నేల అన్న అక్షరం దగ్గర ఆగాను. దాని పక్కది రాలేదు.

మాస్టారి వైపు చూశాను. ఆయనకు వచ్చు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“నా నోటితో వినడానికైతే ఇంత దూరం దేనికి?”

ఆ అక్షరం మీద పదకొండు నిమిషాలు నిలబడ్డాను. ఏ గీత ఎక్కడ మొదలవుతుందో వేలితో గాలిలో రాసుకుంటూ పోతే, నాలుగోసారికి విడిపోయింది. అక్కడినుంచి గంట మోగేదాకా చదివాను. ఇరవైలో పంతొమ్మిది. మిగిలిన ఒకటి ఆయనకూ రాదని రైలులో ఒప్పుకున్నాడు.

సోమవారం ఫాంగ్ గారు మమ్మల్ని పిలిపించారు. శుక్రవారం తరగతులకు రాలేదు కనుక గైర్హాజరు పత్రం నింపాలి, నింపవలసింది సంరక్షకుడు. మాస్టారు కలం తీసి, కారణం అన్న గడిలో, మొదటి తరగతి పిల్లలకు నల్లబల్ల మీద రాసినంత శుభ్రంగా రాశాడు: చదువు.

ఫాంగ్ గారు పత్రం చూసి, ఇబ్బందిగా ముందుకు జరిగారు.

“మాస్టారూ, విశ్వవిద్యాలయానికి రాకపోవడానికి చదువును కారణంగా చూపే వీలు లేదు. మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. పెళ్లి, మరణం, అనారోగ్యం.”

పెళ్లికి పెళ్లికొడుకు ఫొటో జతచేయాలి. మరణానికి మరణించినవారి పేరు రాయాలి. మాస్టారు నా వైపు ఒకసారి చూసి, తాను రాసిన మాటను కొట్టేయకుండానే, మూడో గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు. ఫాంగ్ గారు ఎర్ర ముద్ర వేసి, జాగ్రత్తగా ఉండమని చెప్పి, నాకు ఒక గ్లాసు వేడినీళ్లు ఇచ్చారు.

డిసెంబరులో వీసా లేఖ సకాలంలోనే వచ్చింది. దానితోపాటు జతచేసిన నివేదికలో నా హాజరూ ఆరోగ్యమూ వివరంగా ఉన్నాయి. ఆ ఏడాది మొత్తం మీద నాకు ఒంట్లో బాగాలేనిది, దాని ప్రకారం, ఆ ఒక్క శుక్రవారమే.